మూడు లక్షలా, ఏడేళ్ళా?

మావయ్య ప్రభుత్వ రంగ బీమా కంపెనీలో థర్డ్ పార్టీ క్లెయిములు చూసీ చూసీ రిటైరై, ఏలూరు రామచంద్రరావుపేటలో ఉంటున్నాడు. మేనకోడలు తాడేపల్లిగూడెంలో లాయరు. ఏలూరు కోర్టులో వాయిదా పడిన రోజున రైలుకి వెళ్ళే ముందు ఆయన ఇంటికి వస్తుంది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం, ఒకరి ఉద్యోగం అంటే ఇంకొకరికి మంట.

ఆ రోజు గొడవ ఒక బొటనవేలి గురించి. వేలు పోయిన మనిషిది కొల్లేరు లంక ఊరు, వయసు 35, రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. తెల్లవారుజామున మేస్త్రి మాట్లాడిన ట్రాలీ వ్యానులో పనికి పోతుంటే బండి పంటబోదెలోకి ఒరిగింది. వెనక డోరు పట్టుకుని కూర్చున్న కుడి చెయ్యి దాని కింద పడింది. బీమా కంపెనీ లోక్ అదాలత్‌లో మూడు లక్షలకి రాజీ పడదామంటోంది.

మావయ్య: పుచ్చేసుకోమను. ఇవ్వక్కర్లేని డబ్బు ఇస్తున్నారు.

మేనకోడలు: ఇవ్వక్కర్లేదా?

మావయ్య: ఎక్కిందేమిటి? సరుకుల బండి. పాలసీ తీసుకున్నది సరుకు మోసే వాహనానికి. 1994 సవరణ నుంచీ సరుకు యజమానికీ, ఆయన తరఫున సరుకుతో పాటు వెళ్ళే మనిషికీ కవరేజీ ఉంది. వీళ్ళు సరుకుతో వెళ్ళారా? వీళ్ళే సరుకైపోయారు. సరుకుల బండిలో ఎక్కిన ప్రయాణికుడి బాధ్యత కంపెనీకి లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పేసింది. వ్యాను నిండా ఆడవాళ్ళని ఎక్కించుకుంటానని ఓనరు కంపెనీకి చెప్పాడా? ఒక్క రూపాయి ప్రీమియం అదనంగా కట్టాడా?

మేనకోడలు: కట్టలేదు. కట్టనిది ఓనరు, వేలు పోయింది ఈవిడకి. ఆశారాణి చెప్పావు సరే, ఆ వెనకాలే 2004లో బల్జీత్ కౌర్ కేసు కూడా చెప్పు. ముందు కంపెనీ కట్టాలి, ఆ తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోవాలి అన్నారు.

మావయ్య: రాబట్టుకోవడం ఎలా ఉంటుందో నన్నడుగు. తీర్పు వచ్చేసరికి ఆ బండి రెండు చేతులు మారుతుంది. ఓనరు పేరు మీద మిగిలేది ఫైనాన్సు బాకీ ఒక్కటే. మేం ఎగ్జిక్యూషన్ వేసుకుని అతని ఇంటి చుట్టూ తిరుగుతాం, ఆ ఇల్లు వాళ్ళావిడ పేరున ఉంటుంది. ‘కట్టి రాబట్టుకో’ అన్నారంటే ‘కట్టి మర్చిపో’ అన్నట్టే. ఆ డబ్బు ఎవరిదనుకున్నావ్? కంపెనీ ఛైర్మన్‌ది కాదు. రూల్ ప్రకారం నడిచే ప్రతి ఆటోవాడూ ఏడాదికోసారి అప్పు చేసి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం అది.

మేనకోడలు: అయితే ఓ మాట అడుగుతాను. మండవల్లి దగ్గర మీ చెరువు ఉంది కదా, పట్టుబడి రోజున వల వాళ్ళు ఎలా వస్తారు?

మావయ్య: అది లీజుకి ఇచ్చేశాను.

మేనకోడలు: లీజుకి ఇవ్వక ముందు?

మావయ్య: ...వ్యానులో వస్తారు. వలలేసుకుని, వాటి మీద కూర్చుని. ఇంకెలా వస్తారే? ఆ వేళప్పుడు బస్సుందా?

మేనకోడలు: నేను చెప్పేదీ అదే. రాత్రి రెండింటికి పట్టుబడి, నాలుగింటికి షెడ్డు. కైకలూరు నుంచి ఆకివీడు దాకా ఈ చేపలూ రొయ్యల వ్యాపారం మొత్తం బస్సు లేని వేళల్లో, బస్సు రాని గట్ల మీద నడుస్తుంది. సరుకు ఐస్‌లో పెట్టి హౌరాకి పంపడానికి లారీ ఉంది. సరుకు తీసే మనిషిని తీసుకెళ్ళడానికి మాత్రం చట్టం ఒప్పుకునే బండి లేదు. ఇక్కడ ట్రాలీ ఎక్కడం ఎవరి సరదా కోసమూ కాదు, అది పనిలో భాగం. అలా వెళ్ళేవాళ్ళని చట్టం ‘ఊరికే ఎక్కిన ప్రయాణికులు’ అంటుంది.

మావయ్య: చట్టాన్ని తిట్టు, కంపెనీని తిట్టకు. ఆ బండ్లు రోజూ పోలీసు స్టేషను ముందు నుంచే పోతాయి. ఒక్కరైనా ఆపుతారా? ఆపరు. పల్టీ కొట్టాక మాత్రం అందరి వేళ్ళూ మా వైపే.

మేనకోడలు: 2024 సెప్టెంబరు గుర్తుందా? మన జిల్లా టి.నరసాపురం మండలం నుంచి నిడదవోలు మండలానికి జీడిపిక్కల లోడుతో వెళ్తున్న మినీ లారీ దేవరపల్లి మండలంలో బోల్తా పడింది. బస్తాల కింద నలిగి ఏడుగురు పోయారు. బస్తాల మీద కూర్చున్న కూలీని ఏమనాలి? సరుకు యజమాని తరఫు మనిషా? బండి యజమాని పెట్టుకున్న హమాలీయా? ఊరికే ఎక్కాడా? ప్రాణం ఒక్కటే, కానీ ఈ మూడింటికీ మూడు ఫలితాలు. అర్ధరాత్రి బస్తాలెత్తి అలిసిపోయి వాటి మీదే కునుకు తీసినవాడికి తాను ఏ సెక్షను కింద పడుకున్నాడో ఎలా తెలుస్తుంది?

మావయ్య: అందుకే ప్రభుత్వం ఐదేసి లక్షలు ప్రకటించింది. నీ మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ కంటే ముఖ్యమంత్రి మాటే ముందు అందింది.

మేనకోడలు: అక్కడికే వస్తున్నా. దేవరపల్లిలో ఐదు లక్షలు. 2021 డిసెంబరులో జంగారెడ్డిగూడెం దగ్గర ఆర్టీసీ బస్సు జల్లేరు వాగులో పడితే రాష్ట్రం ఐదు, ప్రధాని నిధి నుంచి రెండు. 2022 ఏప్రిల్‌లో ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెం పోరస్ ల్యాబ్స్‌లో మంటలకి ఆరుగురు పోతే ప్రభుత్వం పాతికేసి లక్షలు ప్రకటించింది. 2020 మేలో విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో కోటి. నాలుగూ పక్కపక్కన పెట్టి చూడు. చనిపోయినవాడి జీతం ఎంత, పిల్లలెంతమంది, వయసెంత, ఇవేవీ ఆ అంకెల్లో లేవు. టీవీ బండ్లు ఎన్ని వచ్చాయన్న లెక్క ఉంది. ఒక్కడే పోయిన రోడ్డు ప్రమాదానికి ఏ మంత్రీ రాడు.

మావయ్య: ఒప్పుకుంటాను. ఆ చెక్కుల పంపకం నాకూ నచ్చదు. ఇచ్చేవాడు ఫొటో దిగుతాడు, పుచ్చుకునేవాడు దండం పెడతాడు. కానీ నీ దారి దానికంటే మంచిదని ఎలా ఒప్పుకోను? నాకు మూడో దారి ఇష్టం. న్యూజిలాండ్‌లో 1974 నుంచీ ఉంది. దెబ్బ తగిలితే కోర్టూ లేదు, లాయరూ లేదు, తప్పెవరిదన్న గోలా లేదు. బండ్ల మీదా, పెట్రోలు మీదా, జీతాల మీదా వసూలు చేసిన నిధి నుంచి వైద్యం, పనిలోకి వెళ్ళలేనన్నాళ్ళూ సంపాదనలో 80 శాతం. బదులుగా గాయానికి దావా వేసే హక్కు వదులుకున్నారు.

మేనకోడలు: వదులుకోవడానికి ముందు వాళ్ళకి చేతిలో ఏదో ఒకటి పెట్టారు కదా మావయ్యా. పైగా 80 శాతం అన్నావు, దేనిలో? అక్కడ ప్రతివాడి సంపాదనా పన్ను లెక్కల్లో ఉంటుంది. ఈవిడకి కిలోకింత అని మేస్త్రి చేతిలో పెడతాడు. సీజన్లో చేతినిండా పని, రొయ్యకి తెగులొస్తే పస్తు.

మావయ్య: మరి మన దగ్గరా పట్టిక పెట్టారు. 2019 సవరణలో 164వ సెక్షను తెచ్చారు. తప్పెవరిదో నిరూపించక్కర్లేదు. చనిపోతే ఐదు లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఈవిడకి కంపెనీ ఇస్తానన్నది దానికంటే యాభై వేలు ఎక్కువ.

మేనకోడలు: సరుకుల బండి అన్న అడ్డు దానికీ పెడతారు, అది వేరే సంగతి. నాకు పట్టికతో పేచీ ఏమిటంటే, దానికి వేలు కనబడదు. నువ్వెప్పుడైనా రొయ్య వలిచావా?

మావయ్య: తినడమే.

మేనకోడలు: ఎడమ చేత్తో రొయ్య పట్టుకుని, కుడి బొటనవేలి గోరు తల కింద గుచ్చి ఒక్క గిల్లు గిల్లాలి. తల ఊడొస్తుంది. తర్వాత అదే గోటితో కాళ్ళ వైపు నుంచి పెంకు లేపి చుట్టూ తిప్పాలి. చెయ్యి అంతా ఐస్ నీళ్ళలో ఉంటుంది, చేతితొడుగు వేసుకుంటే పట్టు దొరకదు. పని మొత్తం ఆ గోరు చేస్తుంది, తక్కిన నాలుగు వేళ్ళూ పళ్ళెం పట్టుకున్నట్టు కింద ఉంటాయంతే. డాక్టరు సర్టిఫికెట్‌లో ఏమని రాశాడు? చేతికి 30 శాతం వైకల్యం.

మావయ్య: ఆ చేతికి! మనిషి మొత్తానికి కాదు. మా లాయరు మొదట అడిగేది అదే. ఒక అవయవానికి 30 అంటే ఒళ్ళంతటికీ లెక్కేస్తే ఇంకా దిగుతుంది.

మేనకోడలు: అడగనీ. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీనికే జవాబు చెప్పింది. శరీరానికి ఎంత శాతం అన్నది డాక్టరు చెబుతాడు, సంపాదనకి ఎంత దెబ్బ అన్నది ట్రిబ్యునల్ చూడాలి. రెండూ ఒకటి కాదు. చెయ్యి పోతే డ్రైవరుకీ వడ్రంగికీ దాదాపు నూరు శాతం పోయినట్టే, గుమాస్తాకి ఉద్యోగం అలాగే ఉండొచ్చు. మరి బొటనవేలు పోయిన రొయ్యల కూలీకి ఎంత? నేను అరవై అంటున్నాను, తక్కువే అడిగాను.

మావయ్య: లెక్క వెయ్యి చూద్దాం.

(ఇక్కడ మావయ్య కళ్ళజోడు తెచ్చుకుని, పాత డైరీ వెనక పేజీ తీశాడు. అంకెలు చూస్తే ఆయనకి ఇప్పటికీ పదేళ్ళు తగ్గుతాయి.)

మేనకోడలు: నెలకి తొమ్మిది వేలు అనుకో. నలభై లోపు వయసు, సొంతంగా సంపాదించుకునే మనిషి. 2017 ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం ముందు ముందు పెరగబోయే సంపాదనకి 40 శాతం కలుపు. 12,600. ఏడాదికి 1,51,200. సరళా వర్మ తీర్పులోని పట్టికలో 31 నుంచి 35 ఏళ్ళ వాళ్ళకి గుణకం 16. మొత్తం 24,19,200. అందులో 30 శాతం అంటే 7,25,760. అరవై అంటే 14,51,520. వైద్యం ఖర్చు, నొప్పీ బాధా, పనిలోకి వెళ్ళని నెలలు వేరే. నువ్వు మూడు లక్షలు పుచ్చేసుకోమంటున్నావ్.

మావయ్య: ఇందులో నిజమైన అంకె ఏది? తొమ్మిది వేలు నువ్వు అనుకున్నది, అరవై నువ్వు అడిగింది. ఊహని ఊహతో గుణించి చివర్లో ఇరవై రూపాయలు కూడా వదలకుండా లెక్క కట్టావు. ఆ ఇరవై చూసి ఇదేదో ఖచ్చితమైన శాస్త్రం అనుకుంటారు జనం.

మేనకోడలు: మూడు లక్షలు ఏ శాస్త్రం?

మావయ్య: అది నేను చెప్పగలను. మా వాళ్ళు కార్మికుల పరిహారం చట్టం లెక్క వేసుంటారు. బొటనవేలు పోతే 30 శాతం అని షెడ్యూల్లోనే అచ్చయి ఉంది. తొమ్మిది వేలలో 60 శాతం 5,400. 35 ఏళ్ళకి ఫ్యాక్టరు 197.06. పది లక్షల 64 వేల చిల్లర. అందులో 30 శాతం అంటే దగ్గర దగ్గర మూడు లక్షల ఇరవై వేలు. రాజీ కాబట్టి ఇరవై కోశారు.

మేనకోడలు: చూశావా! ఊరికే ఎక్కిన ప్రయాణికురాలు, మాకు బాధ్యతే లేదు అంటూనే కూలీ లెక్క కట్టి పెట్టుకున్నారు. అంటే కూలీ అని లోపల తెలుసు.

మావయ్య: లోపల అన్నీ తెలుస్తాయి తల్లీ. ఫైలు మీద ఏం రాయాలన్నదే ఉద్యోగం.

మేనకోడలు: ఈ మాట నువ్వు కోర్టులో చెబితే బాగుండేది.

మావయ్య: నాకు పెన్షనుంది. ఇంకో సంగతి విను. నీ పక్షాన ఉన్నవాళ్ళంతా నీలాంటివాళ్ళు కారు. పాత గాయానికి కొత్త ప్రమాదం తగిలించేవాళ్ళని చూశాను. బీమా లేని బండి గుద్దితే, బీమా ఉన్న బండి తెచ్చి ఎఫ్ఐఆర్‌లో కూర్చోబెట్టేవాళ్ళని చూశాను. ఇదేదో మన జిల్లా రోగం కాదు. ఉత్తరప్రదేశ్‌లో దొంగ క్లెయిముల మీద 2015లో అలహాబాదు హైకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్నే వేయించింది. ఆస్పత్రిలో సెలైన్ బాటిల్ కట్టేలోపు మంచం పక్కన వకాల్తా పట్టుకుని నిలబడే మనిషి ఎవరు? మీ బ్రోకరే.

మేనకోడలు: నా బ్రోకరు కాదు.

మావయ్య: మీ వృత్తి బ్రోకరు. తర్వాత వచ్చిన దాంట్లో వాటా. వాటా మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉందా, లేదా?

మేనకోడలు: ఉంది. ఫలితంలో వాటా ఫీజుగా మాట్లాడుకోవడం మన దేశంలో లాయరుకి తప్పు. అమెరికాలో అదే పద్ధతి, సాధారణంగా మూడో వంతు బాహాటంగా తీసుకుంటారు. ఇక్కడ చాటుగా తీసుకుంటారు, చాటున జరిగేదానికి హద్దుండదు. దీని మీద నీతో వాదించను. కానీ ఒక్కటి చెప్పు. ఏడేళ్ళు ఖాళీ చేతుల్తో తిరగాల్సిన మనిషి, ముందు ఒక్క రూపాయి అడగని వాడి దగ్గరికి కాక ఎవరి దగ్గరికి పోతుంది? ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందని 1987 చట్టంలోనే ఉంది. ఏలూరు జిల్లా కోర్టు ఆవరణలో ఆ ఆఫీసుందని లంక ఊళ్ళో ఎవరు చెప్పారు? బ్రోకరు మాత్రం మంచం దాకా వచ్చాడు.

మావయ్య: బాగుంది, బ్రోకరు ప్రజాసేవకుడన్నమాట.

మేనకోడలు: దారి చూపాల్సినవాడు చూపకపోతే బ్రోకరు చూపిస్తాడు అంటున్నాను. కాగితం మీద ఎంత బాగుందో తెలుసా? ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు ట్రిబ్యునల్‌కి మొదటి నివేదిక పంపాలి. 90 రోజుల్లో పూర్తి నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికనే క్లెయిము దరఖాస్తుగా తీసుకోవచ్చు. 2022 డిసెంబరులో గోహర్ మొహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని దేశమంతా అమలు చెయ్యమంది. సరిగ్గా జరిగితే బాధితుడు ఎవరి గడపా తొక్కక్కర్లేదు, నా గడప కూడా. మంచిదే, నేను ఇంకో పని చూసుకుంటాను. జరుగుతోందా? గాయాల రిపోర్టు (ఎంఎల్‌సీ) ఆస్పత్రిలో, ఎఫ్ఐఆర్ స్టేషన్లో, బండి తనిఖీ (ఎంవీఐ) రిపోర్టు రవాణా ఆఫీసులో, ఛార్జిషీటు ఇంకో కోర్టులో. విరిగిన చేత్తో ఇవన్నీ పోగేసుకోవాలి. ఇన్నీ పోగేసేసరికి, పిటిషన్ వెయ్యడానికి పెట్టిన ఆరు నెలలు దాటితే?

మావయ్య: ఆ ఆరు నెలల గడువు నాకూ అన్యాయమే అనిపించింది. 1994లో తీసేసిన గడువుని 2019లో మళ్ళీ తెచ్చారు. దాని మీద సుప్రీంకోర్టులో నడుస్తోంది కదా.

మేనకోడలు: నడుస్తోంది. కానీ గడువుందని విన్నవాళ్ళు అసలు రావడమే మానేస్తారు. నా దగ్గరికి రాని కేసులే నాకు భయం. కొల్లేరు రోడ్ల మీద చేపల లారీలు కార్చుకుంటూ పోయే నీళ్ళు చూశావుగా? తెల్లారేసరికి రోడ్డు జారుడుబల్ల. మోటార్ సైకిల్ మీద పాలవాడు జారి కాలు విరగ్గొట్టుకుంటే ఎవరి మీద వెయ్యాలి? ఆ లారీ ఏ ఒడిశా సరిహద్దులోనో ఉంటుంది, నెంబరు ఎవరూ చూడలేదు. గుద్ది పారిపోయిన బండైతే ఇప్పుడు చనిపోతే రెండు లక్షలు, తీవ్రగాయానికి యాభై వేలు ఇచ్చే పథకం ఉంది. ఇది గుద్దనూ లేదు, పారిపోనూ లేదు, కార్చుకుంటూ పోయింది. దోనె బోల్తా పడితే అదీ లేదు, దోనె మోటారు వాహనం కాదుగా.

మావయ్య: అన్నిటికీ చట్టం చెయ్యలేం. ఒకటి మాత్రం మెచ్చుకోవాలి. 2025 మేలో నగదు లేని వైద్యం పథకం వచ్చింది. లక్షన్నర దాకా, ఏడు రోజులు. ఎవరి తప్పో అడగరు, ఏ బండో అడగరు. నేను అనే న్యూజిలాండ్ పద్ధతి అలా కొంచెం కొంచెంగా వస్తుంది.

మేనకోడలు: ఎనిమిదో రోజు నుంచి మళ్ళీ ఇండియాలోనే. సరే, అది మంచిదే, కాదనను. ప్రాణం నిలబడుతుంది. ప్రాణం నిలబడ్డ మనిషి ఎలా బతకాలన్నదే నా కేసు.

మావయ్య: ఎలా బతుకుతుందో నేనడుగుతాను. ఇవాళ ఆవిడ అప్పెంత? పిల్ల ఏం చదువుతోంది? మూడు లక్షలు వచ్చే నెల వస్తాయి. నీ పద్నాలుగున్నర ఎప్పుడొస్తాయి? ట్రిబ్యునల్‌లో మూడేళ్ళు. మేం హైకోర్టుకి అప్పీలు వెళ్తాం, కచ్చితంగా వెళ్తాం, సరుకుల బండి అన్న పాయింటు చేతిలో పెట్టుకుని ఎందుకు వెళ్ళం? ఇంకో నాలుగేళ్ళు. ఈలోపు నూటికి మూడు రూపాయల వడ్డీ ఎవరు కడతారు, నువ్వా?

మేనకోడలు: పిటిషన్ నాటి నుంచి కోర్టు వడ్డీ ఇస్తుంది.

మావయ్య: కోర్టు వడ్డీ ఏడాదికి. అప్పులవాడి వడ్డీ నెలకి. ఆ తేడా నీ సర్టిఫికెట్ శాతాల్లో ఉందా?

(దీనికి మేనకోడలు వెంటనే జవాబు చెప్పలేదు. ఇది మావయ్య గెలిచిన చోటు, దాచడం ఎందుకు?)

మేనకోడలు: లేదు. అందుకే లోక్ అదాలత్ వద్దనను, ఈ మొత్తానికి వద్దంటున్నా. అక్కడ సంతకం పెడితే అప్పీలు లేదు. ఆవిడకి మిగిలిన బతుకంతా ఆ సంతకంతో తేలిపోతుంది. కంపెనీకి మాత్రం అది ఆ రోజు ముగించిన ఫైళ్ళలో ఒకటి. ఏడేళ్ళ భయం చూపించి బేరం చేస్తున్నారు మీరు. ఆలస్యం మీ చేతిలో ఉన్న సరుకు. కోర్టులు నిదానంగా నడవడం వల్ల లాభపడేది ఎవరు?

మావయ్య: లాయర్లు.

మేనకోడలు: వాళ్ళ తర్వాత?

మావయ్య: సరేలే. అయితే ఎంత అడుగుతావు?

మేనకోడలు: ఎనిమిది. అంతకంటే దిగను.

మావయ్య: ఐదు దాటితే ఆ టేబుల్ దగ్గర కూర్చున్న ఆఫీసరుకి అధికారం ఉండదు, పైకి రాయాలి. రాయించాలంటే నీ కేసులో బలం కనబడాలి. ఇప్పుడు నేను కంపెనీని, నువ్వు చెప్పు. మొదటిది, డ్రైవరు లైసెన్సు. మామూలు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సే కదా, ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ లేదు.

మేనకోడలు: అక్కర్లేదు. 7,500 కిలోలు దాటని బండికి ఆ లైసెన్సు చాలని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ తలుపు మూసేశారు మీకు.

మావయ్య: మూశారు. రెండోది, సరుకుల బండి.

మేనకోడలు: మేస్త్రి మాట్లాడిన బండి, షెడ్డు పనికి పోతున్న మనుషులు. మోటారు వాహనాల దారి మూసుకుపోతే కార్మికుల పరిహారం దారిలో వెళ్తాను. పనికి వెళ్ళే దారిలో జరిగిన ప్రమాదానికి, పనికీ సంబంధం కనబడితే అది పనిలో జరిగినట్టే అని 2025 జూలైలో సుప్రీంకోర్టు అంది. మేస్త్రి దగ్గర డబ్బు లేదంటే ఆ చట్టం ప్రకారం షెడ్డు యజమాని కట్టాలి, తర్వాత మేస్త్రితో వాళ్ళూ వాళ్ళూ తేల్చుకోవాలి.

మావయ్య: రెండు దారుల్లో ఒకటే ఎంచుకోవాలి, రెండూ కుదరవు.

మేనకోడలు: 167వ సెక్షను. తెలుసు. అందుకే ఇంకా ఎక్కడా వెయ్యలేదు.

మావయ్య: మూడోది. తొమ్మిది వేలకి కాగితమేది?

మేనకోడలు: కూరగాయలమ్మేవాడికి జీతం కాగితం ఎక్కణ్ణుంచి వస్తుందని 2014లో సయ్యద్ సాదిక్ కేసులో కోర్టే అడిగింది. కాగితం లేకుండానే నెలకి 6,500 ఆదాయం కట్టి, కాలు పోయినవాడికి 85 శాతం నష్టం లెక్కేసింది. మన ఎన్.వి.రమణ గారైతే 2021 జనవరిలో కీర్తి కేసులో ఇల్లాలి పనికీ విలువ కట్టాలన్నారు. ఆడది రోజుకి 299 నిమిషాలు జీతం లేని ఇంటి పని చేస్తుందనీ, మగాడు 97 చేస్తాడనీ ప్రభుత్వ సర్వే అంకెలు అందులో ఉదహరించారు. ఈవిడ షెడ్డులో వలిచి, ఇంటికొచ్చి వండుతుంది. ఆ వంటా ఇప్పుడు బొటనవేలు లేకుండానే.

మావయ్య: తీర్పులు బాగా కంఠతా పట్టావు. కానీ టేబుల్ దగ్గర ఆఫీసరు తీర్పు చదవడు, కాగితం చూస్తాడు. మేస్త్రిని సాక్షిగా వెయ్యి. ఎన్ని కిలోలు వలిచేదో వాడి పుస్తకంలో ఉంటుంది.

మేనకోడలు: అదొక్కటే కుదరదు మావయ్యా. ఆవిడే వద్దంది.

మావయ్య: వద్దంటుందా? తన కేసే కదా.

మేనకోడలు: వాళ్ళ చెల్లెలూ, పెద్దకూతురూ అదే మేస్త్రి కింద పని చేస్తున్నారు. సమను వెళ్ళిన మర్నాడు ఆ ఇద్దరికీ వ్యానులో చోటుండదు. కార్మికుల పరిహారం దారి అన్నా భయమే, అందులో ఎదుటి పార్టీయే మేస్త్రీ షెడ్డూ. ఈ కేసులో నాకు చేతకానిది ఇదే. చట్టంలో దారి ఉంది, నడిస్తే ఇంట్లో ఇద్దరి కూలి పోతుంది.

మావయ్య: మరి ముందే చెప్పవేం? ...ఆవిడ డ్వాక్రా గ్రూపులో ఉందా?

మేనకోడలు: ఉంది.

మావయ్య: బ్యాంకు లింకేజీ లోను తీసుకునే ఉంటుంది. నెలనెలా వాయిదా కట్టిన పుస్తకం తెప్పించు. ప్రమాదానికి ముందు రెండేళ్ళు వాయిదా ఎంత, ఎన్నిసార్లు తప్పింది, ఆ తర్వాత ఎప్పుడు ఆగిపోయింది, అవి చూపించు. సంపాదించకుండా వాయిదా కట్టదు. వేలు పోయిన నెలలోనే వాయిదా ఆగితే, నీ అరవై శాతానికి సర్టిఫికెట్ కంటే అది గట్టి సాక్ష్యం. మేస్త్రి పేరు ఎక్కడా రాదు.

మేనకోడలు: వాయిదాలు మొగుడు కట్టాడంటారు మీ వాళ్ళు.

మావయ్య: అంటారు. నేనైతే అదే అడగమని లాయరుకి చీటీ రాసిచ్చేవాణ్ణి. అందుకని గ్రూపు లీడర్ని సాక్షిగా వెయ్యి, డబ్బు ఎవరు తెచ్చి చేతిలో పెట్టేవారో ఆవిడకి తెలుసు. ఎనిమిది అడుగు, ఆరున్నర కంటే దిగకు. అంతకంటే తక్కువంటే లేచి వచ్చేసి ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేసెయ్యి. ఆరు నెలలు ఎప్పటికి నిండుతాయి?

మేనకోడలు: వచ్చే నెల పన్నెండుకి.

మావయ్య: అయితే అదాలత్ కోసం ఆగకు. ముందు పిటిషన్ వేసి, ఆ నెంబరు పట్టుకుని బేరానికి కూర్చో. నెంబరు పడని కేసుకి మేం ఎప్పుడూ మూడే ఇచ్చేవాళ్ళం.